లారీ గుద్దితే చనిపోయేది ఎవరు? లెక్కలు చూద్దాం

ఈ రోజు వీడియోలో ఒక్కటే ప్రశ్న. లారీ యాక్సిడెంట్లలో ఎక్కువగా చనిపోయేది లారీలో ఉన్నవాళ్లా, బయట ఉన్నవాళ్లా?

2025 నవంబర్ 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొన్న వార్త మీకు గుర్తుండే ఉంటుంది. 19 మంది చనిపోయారు. రెండు రోజుల పాటు ఏ ఛానల్ పెట్టినా అదే. ఆ 19 అనే అంకె ఒకసారి గుర్తుపెట్టుకోండి.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ ఏటా దేశంలోని ప్రమాదాల మీద ఒక నివేదిక ఇస్తుంది. 2022 నివేదిక ప్రకారం ఆ ఏడాది రోడ్ల మీద చనిపోయినవాళ్లు 1,68,491 మంది. 365 రోజులతో భాగిస్తే రోజుకు 462 మంది. దాన్ని 24తో భాగించండి. గంటకు 19 మంది! అంటే చేవెళ్లలో పోయినన్ని ప్రాణాలు మన దేశంలో ప్రతి గంటా పోతున్నాయి. కాకపోతే ఇక్కడొకరు, అక్కడొకరు. అందుకే బ్రేకింగ్ న్యూస్ అవ్వదు.

ఇప్పుడు అసలు విషయం. ఆ చనిపోయినవాళ్లు ఏ వాహనం మీద ఉన్నారో కూడా నివేదికలో ఉంది. టూ వీలర్ల మీద 74,897 మంది, అంటే నూటికి 44 మందికి పైనే. నడిచివెళ్లేవాళ్లు 32,825. కార్లు, జీపుల్లాంటి వాటిలో 21,040. మరి లారీల్లో? 10,584. నూటికి ఆరుగురు.

ఇది చూసి "లారీల వల్ల పోయేది ఆరు శాతమేగా" అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఈ పట్టిక చెప్పేది చనిపోయినవాళ్లు ఎందులో ఉన్నారు అని. ఏది గుద్దింది అని కాదు. బైక్ మీద వెళ్తున్న కుర్రాణ్ణి లారీ గుద్దితే, ఆ చావు బైక్ ఖాతాలో పడుతుంది. రోడ్డు దాటుతున్న పెద్దాయన్ని గుద్దితే పాదచారి ఖాతాలో. గుద్దిన వాహనం ఏదో చెప్పే పట్టిక వేరే ఉంటుంది. వాట్సాప్‌లో తిరిగే ఫొటోల్లో ఈ రెండూ కలిపేస్తారు. ఇక మీదట ఏ అంకె కనిపించినా ముందు ఒక్క ప్రశ్న వేయండి: ఇది ఎక్కినవాళ్ల లెక్కా, గుద్దినవాళ్ల లెక్కా?

అమెరికాలో దాదాపు నాలుగున్నర టన్నులు దాటిన ట్రక్కుల ప్రమాదాలకు విడిగా లెక్క తీస్తారు. 2021లో అలాంటి ప్రమాదాల్లో సుమారు 5,800 మంది చనిపోయారు. వాళ్లలో ట్రక్కులో ఉన్నవాళ్లు నూటికి 17 మందే. 70 మందికి పైగా ఎదుటి వాహనాల్లో ఉన్నవాళ్లు. మిగిలినవాళ్లు నడిచేవాళ్లు, సైకిల్ మీద వెళ్లేవాళ్లు. అక్కడ ఎదుటి వాహనం ఎక్కువగా కారు. మన దగ్గర చాలాసార్లు బైక్. తేడా మీకే అర్థమవుతుంది.

ఎందుకిలా? బరువు. 2018లో మార్చిన రూల్స్ ప్రకారం పది టైర్ల లారీ లోడుతో కలిపి 28.5 టన్నుల దాకా ఉండొచ్చు. ఇద్దరు కూర్చున్న బైక్ 300 కిలోలు అనుకుందాం. దాదాపు వంద రెట్లు తేడా! ఇక్కడ తప్పెవరిది అన్నది తర్వాత తేలుతుంది. దెబ్బ ఎవరికి అన్నది మాత్రం ముందే తేలిపోయింది.

రెండో కారణం చూపు. మన లారీల్లో డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు. ఎడమవైపు కింద, క్యాబిన్‌కి ఆనుకుని ఉన్న బైక్ అతనికి కనిపించకపోవచ్చు. ముందు అద్దం కిందా అంతే. ఒకప్పుడు క్లీనర్ తల బయటపెట్టి "రైట్, రైట్" అని చెప్పేవాడు. ఇప్పుడు చాలా లారీల్లో క్లీనరే లేడు. పైగా పొడవైన బండి ఎడమకి తిరగాలంటే ముందు కాస్త కుడికి వెళ్తుంది. మనం "సందు దొరికింది" అనుకుని ఎడమవైపు దూరతాం. వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, ఇంకా లోపలికి కోసుకుంటూ వస్తాయి. ఆ సందు మూసుకుపోతుంది.

మూడోది, రాత్రి రోడ్డు పక్కన ఆపిన లారీ. వెనక లైటు ఉండదు, ఎర్ర రిఫ్లెక్టర్ టేపు మీద మట్టి. చెట్టు కొమ్మో రెండు రాళ్లో పెట్టి వదిలేస్తారు. 80లో వచ్చే బైక్‌కి అది కనిపించేసరికి బ్రేక్ వేసే టైమ్ ఉండదు.

అలాగని లారీ డ్రైవర్‌ని తిట్టుకుని వీడియో ముగించను. ఆ 10,584 అంకెని మళ్లీ చూడండి. రోజుకు 29 మంది లారీ మనుషులు. మామూలుగా రోజుకు 8 గంటలే డ్యూటీ అని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పేది. హైవే ధాబాలో ఏ డ్రైవర్ని అడిగినా నవ్వుతాడు. కొత్త లారీల్లో ఏసీ క్యాబిన్ తప్పనిసరి అయింది కూడా 2025లోనే. నిద్ర లేని మనిషి చేతిలో 28 టన్నులు పెట్టి పంపించే ఓనరూ, లోడు టైమ్‌కి రావాలనే కంపెనీ ఏ పట్టికలోనూ కనిపించరు.

మన చేతిలో ఉన్నవి చెప్తాను. లారీ అద్దంలో డ్రైవర్ ముఖం మీకు కనిపించకపోతే, మీరూ అతనికి కనిపించనట్టే. తిరుగుతున్న లారీకి ఎడమవైపు దూరొద్దు, వెనకే ఆగండి. రాత్రిపూట హెడ్‌లైట్ వెలుగు పడినంత దూరంలో ఆగగలిగే స్పీడ్‌లోనే వెళ్లండి. లైట్లు లేకుండా ఆగిన లారీ నేషనల్ హైవే మీద కనిపిస్తే, బండి పక్కకి తీసి 1033కి ఫోన్ చేయండి. వెనక కూర్చున్నవాళ్లకి కూడా హెల్మెట్ పెట్టించండి.

ఇంట్లో కొత్తగా బైక్ తీసిన తమ్ముడో చెల్లో ఉంటే, వీడియో ఫార్వర్డ్ చేయడం కాదు, ఆగి ఉన్న ఒక లారీ దగ్గరికి తీసుకెళ్లి, డ్రైవర్ అన్నని అడిగి ఒక్క నిమిషం ఆ సీట్లో కూర్చోబెట్టండి. అక్కణ్ణుంచి ఎడమవైపు ఏం కనిపిస్తుందో, ఏం కనిపించదో వాళ్లకే తెలుస్తుంది.

వచ్చే వీడియోలో కలుద్దాం. జాగ్రత్తగా వెళ్లండి.