ఆటల పోటీలు – ఆటల వరుస
(జ్యోతినగర్‌లో పరిసర గ్రామముల పంచాయతి సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



కబడ్డీ పోటీలకు చందాలు, పందిరి, బహుమతులు ఎట్లో సమకూరుచున్నవి. ఏ జట్టు ఎవరితో ఎప్పుడు ఆడవలెనను సంగతి మాత్రము తరచుగా పోటీనాటి ఉదయముననే తేలుచున్నది. తగవులకు మూలము అచ్చటనే కలదు.

మన ప్రాంతపు ఇబ్బంది మరియొకటి. సింగరేణి గనులలో పని షిఫ్టులుగా నడచును. ఇచ్చటి విద్యుత్కేంద్రము రేయింబవళ్లు పనిచేయును. రాత్రి షిఫ్టు దిగివచ్చిన యువకుని ఉదయముననే బరిలో నిలుపుట న్యాయము కాదు. ఒకచోట మేము చూచితిమి: ఒక జట్టు దినపు కూలి వదలుకొని ట్రాక్టరుపై వచ్చి, మొదటి ఆటలోనే ఓడి, పదిగంటలకు ముందే ఇంటిదారి పట్టినది. మరుసటి యేడు ఆ జట్టు రాలేదు.

అది నాకౌటు పద్ధతి. ప్రతి ఆటకు ఒక జట్టు తొలగును గనుక 12 జట్లకు 11 ఆటలు చాలును. 12 అను సంఖ్య 16కు నాలుగు తక్కువ; కావున నాలుగు జట్లు మొదటి వరుస ఆడకయే ముందుకు పోవును. దీనిని ‘బై’ అందురు. అది ఎవరికో పెద్దలు నిర్ణయింపరాదు. అందరి యెదుట చీట్లు వేయవలెను.

లీగు పద్ధతిలో అందరును అందరితో ఆడుదురు. 12 జట్లకు 66 ఆటలు. పురుషుల కబడ్డీ 20 నిమిషముల చొప్పున రెండు భాగములు. విరామముతో, జట్ల మార్పుతో గంట పట్టును. అంత తీరిక ఏ గ్రామమునకు కలదు?

మేము కోరునది నడిమి మార్గము. మూడేసి జట్లతో నాలుగు గుంపులు చేయుడు. గుంపు ఆటలు 12, సెమీఫైనళ్లు 2, ఫైనలు 1, మొత్తము 15. నాకౌటుకంటె నాలుగే అధికము. కాని ప్రతి జట్టు రెండుమార్లు ఆడును. 2016 ఐ.పి.ఎల్.లో సన్‌రైజర్స్ హైదరాబాదు 14 లీగు ఆటలలో ఆరింట ఓడియు కప్పు గెలిచినది గదా!

ఇందొక మెలకువ కలదు. 1982 ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలలో అల్జీరియా తన ఆటలు ముగించుకొనిన మరునాడు పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియాలు ఆడినవి. జర్మనీ ఒక గోలుతో గెలిచిన ఇరువురును ముందుకు పోవుదురు, అట్లే జరిగినది. ఆ గోలు పిమ్మట ఆట పేరుకే సాగినది. 1986 నుండి గుంపులోని చివరి ఆటలు ఒకే సమయమున పెట్టుచున్నారు. మూడు జట్ల గుంపులో అది కుదరదు. అందుచే గుంపునుండి ఒక్క జట్టునే ఎంచుడు. మొదటి ఆటలో ఓడినవారే రెండవ ఆట ఆడవలెను. అప్పుడు చివరి ఆట ముగియువరకు ఏ జట్టును రెండు గెలుపులతో ముందే తేలిపోదు. సమానమైనచో పాయింట్ల తేడా చూడవలెను; ఈ నిబంధన ముందుగానే వ్రాసి అంటింపవలెను.

శనివారము ఉదయము నాలుగు గుంపుల మొదటి ఆటలు, ఎండ తగ్గిన పిదప రెండవ ఆటలు. రాత్రి షిఫ్టువారి జట్టును గుంపులో మూడవదిగా ఉంచినచో వారు సాయంత్రము వచ్చిన చాలును. శనివారము రాత్రికి మాత్రము సెలవు పెట్టుకొనవలెను. జట్ల పేర్లు వ్రాసికొనునపుడే షిఫ్టు అడుగుడు. ఆదివారము మిగిలిన ఏడు ఆటలు.

2024 డిసెంబరులో ముఖ్యమంత్రి కప్పు పోటీలు గ్రామ పంచాయతి స్థాయినుండియే మొదలైనవి. వరుస తప్పుగా వేసినచో మండలమునకు పోవలసిన జట్టు ఇంట కూర్చుండును. ఫైనలు చీకటి పడకముందే ముగింపుడు; మావంటి అధికారుల ఉపన్యాసములు దాని తరువాతనే పెట్టుడు.