స్వయముగా గ్రంథములు ప్రకటించుకొను రచయితలు
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యార్థి వేతనములను గూర్చియు వసతిగృహమును గూర్చియు పెద్దలు మాటాడినారు. మాకు నియమింపబడిన విషయము గ్రంథరచన. దీనికిని మన సంఘమునకును సంబంధమేమని కొందఱకు తోచవచ్చును. కాని కొన్ని సంవత్సరములుగా మనవారి యిండ్లకు గృహప్రవేశమునకో షష్టిపూర్తికో పోయినపుడు తాంబూలముతోపాటు ఒక పుస్తకముగూడ చేతికి వచ్చుచున్నది. శతకమో, స్వీయచరిత్రమో, తీర్థయాత్రావర్ణనమో, కథాసంపుటమో ఏదియో యొకటి. వ్రాసినవారిలో పెక్కుమంది మావలెనే యుద్యోగవిరమణము చేసినవారు. వ్రాసినదియు వారే, అచ్చు వేయించినదియు వారే, సొమ్ము పెట్టినదియు వారే. ఆ సొమ్ము పలువురి విషయమున భవిష్యనిధినుండి తీసినది. కావున నిది వాఙ్మయ విషయమేగాక సంసార విషయముగూడ నైనది.

వ్రాయవలదని చెప్పుటకు మేము లేచి నిలువలేదు. మన తాతల తరమున నింటికొక్కనికి సంతకము వచ్చిన నదియే గొప్ప. వారి మనుమలు గ్రంథకర్తలగుట మాకానందమే. మా విచారమంతయు ఆ గ్రంథములు చదువబడకుండుటను గూర్చియే.

పూర్వకాలమున గ్రంథమునకు కృతిభర్త యుండెడివాడు. రాజో, మంత్రియో, ధనికుడగు వర్తకుడో కృతిని గైకొని కవిని పోషించెడివాడు. అచ్చుయంత్రము వచ్చిన పిదప ఆ భారము మెల్లమెల్లగా గ్రంథమును వెలువరించువాని నెత్తిపై బడెను. బ్రౌనుదొర పండితులకు జీతములిచ్చి తాళపత్రములకు ప్రతులు వ్రాయించి, పాఠములు సరిచూపించి, 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో ప్రకటించెను. వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధని పత్రికను ఆరంభించి, మొదట చెన్నపట్టణమున అచ్చు వేయించి, పిదప రాజమహేంద్రవరముననే సొంత ముద్రాలయమును నెలకొల్పుకొనిరి. వారి రాజశేఖర చరిత్రము 1878లో ఆ పత్రికయందు భాగములుగా వెలువడి, 1880లో గాని పుస్తకరూపము దాల్చలేదు. ముందు చదువరులు, తరువాత పుస్తకము. మనవారిప్పుడు ఈ క్రమమును తలక్రిందులు చేసినారు: ముందు పుస్తకము, తరువాత చదువరులకై వెదకులాట.

గురజాడవారి కన్యాశుల్కమును చూడుడు. 1892లో ప్రదర్శింపబడెను, 1897లో అచ్చయ్యెను, 1909 నాటి ద్వితీయ ముద్రణమునకు క్రొత్త నాటకమనదగినంతగా తిరుగ వ్రాయబడెను. నేడు మనము చదువునదియు ఆడునదియు ఆ రెండవదియే. అచ్చయి పేరు వచ్చిన గ్రంథమునే యట్లు విప్పి మరల నేసినవారుండగా, మనవారు మొదటి వ్రాతప్రతిని యథాతథముగా అచ్చుకూటమునకు పంపుచున్నారు.

నేత మన కులవృత్తిగదా. ఆ లెక్కలోనే చెప్పెదము. మాస్టరు వీవరు నూలిచ్చి, మజూరి చెల్లించి, చీరను తీసికొనిపోవును. ప్రచురణకర్త క్రింద వ్రాయుట అట్టిది. సొంత నూలు కొని, సొంత మగ్గముపై నేసి, సంతకు తానే మోసికొనిపోవువాడు స్వతంత్రుడు. లాభమును వానిదే, అమ్ముడుపోని చీరయు వానిదే. అయితే మాస్టరు వీవరు చీరను మడత విప్పి వెలుతురున పట్టి చూచి, తెగిన పోగును వ్రేలితో చూపును. స్వతంత్రునకు ఆ వ్రేలు లేదు. స్వయముగా ప్రకటించుకొను రచయితకు గల లోటులలో నిదియే పెద్దది. ధనలోపము దీని తరువాతిది.

రాజశేఖరుడు కావ్యమీమాంసయందు భావకులను నాలుగు తెఱగులుగా విభజించెను. ఏదియు రుచింపనివాడొకడు, గడ్డితో కూడ మేయువాడొకడు, అసూయాపరుడొకడు, తత్త్వమును పట్టువాడొకడు. ఆవిష్కరణ సభలకు విచ్చేయువారిలో రెండవ తెఱగువారే హెచ్చు. మేమును పెక్కుసార్లు అట్టి వేదికలపై కూర్చుండి శాలువలు కప్పించుకొన్నవారమే గావున ఈ మాట ధైర్యముగా చెప్పుచున్నాము. నాలుగవ వానిని అచ్చునకు ముందే వెదకికొనవలెను. అతడు బంధువు కారాదు. మీ యొద్ద చదివిన శిష్యుడును కారాదు. పద్యమైనచో యతిప్రాసలు చూడగలవాడు, వచనమైనచో నిద్రవచ్చిన చోట గీత గీయగలవాడు కావలెను.

మా యొద్దకు వచ్చిన స్వీయచరిత్రములను గూర్చి యొక మాట. మూలగ్రంథమునకు ముందు ఆరేడు పీఠికలు, రెండు ఆశీస్సులు, ఒక అభినందనము. తరువాత బదిలీ యుత్తరువుల పట్టిక, సన్మానపత్రముల నకళ్లు. నడుమ ఎక్కడనో రెండు పుటలలో తండ్రి రాత్రివేళ గుంటమగ్గముపై కూర్చుండి నేయుచుండగా తాను దీపము పట్టుకొని పాఠము వల్లించిన సంగతి. చదువరి కోరునది ఆ రెండు పుటలను. నాడు పుంజము నూలు వెల యెంత, చీరకు మజూరి యెంత, సంత యెంత దూరము, ఆసుపోసినది తల్లియా అక్కయా - ఇవి వ్రాసిన మఱియొకరు వ్రాయలేని గ్రంథమగును. సన్మానపత్రములు అందఱివియు నొక్కటియే.

ఇక లెక్కలు. ఊహకొఱకు ప్రతికి 100 రూపాయలు వ్యయమై, వెల 200 అనుకొందము. 1000 ప్రతులకు లక్ష రూపాయలు. పుస్తకవిక్రేతకు నూటికి 40 వంతున తగ్గింపు ఇచ్చినచో ప్రతికి 120 చేతికి వచ్చును. 834 ప్రతులు అమ్ముడైన గాని పెట్టిన లక్ష తిరిగి రాదు. డిజిటల్ ముద్రణమున 200 ప్రతులు మాత్రమే వేయించినచో ప్రతికి వ్యయము హెచ్చును, 140 అనుకొందము. మొత్తము 28,000. వానిని తానే పూర్తి వెలకు చేతిమీద అమ్మికొన్న 140 ప్రతులతో సొమ్ము తిరిగివచ్చును. ప్రతికి చౌక యని వేయి వేయించుట మనవారు చేయు సాధారణమైన పొరపాటు. అచ్చు చౌకయే, అటుక చౌక కాదు. ఉచితముగా పంచుటయు మాకు సమ్మతము కాదు. పది రూపాయలకైనను అమ్మవలెను. కొన్నవాడు ఒక్కసారియైనను తెఱచి చూచును.

మేమెఱిగిన యొక యుపాధ్యాయుడు వేయి ప్రతులు వేయించెను. సభనాడు కొన్ని పంచెను. మిగిలినవి అటుకపై కెక్కినవి. ఆయన గతించిన పిదప కుమారుడు ఇల్లు మాఱుచు వానిని తూకమునకు వేసెను. కుమారుని మేము తప్పుపట్టము. అద్దె యింట వానికి చోటెక్కడిది? కాని ఆ గ్రంథమున తన యూర నేతగాండ్ర సహకార సంఘము పుట్టిన తీరు, మొదటి సభ్యులు వాటాధనము కూడబెట్టిన తీరు చక్కగా వ్రాయబడియుండెను. నేడు దానిని చూడగోరువానికి ఒక్క ప్రతి దొరకదు. వేయి ప్రతులు వేసి ఒక్కటి మిగులకపోవుట కంటె విచారకరమేమున్నది?

ఇందులకే 1954వ సంవత్సరపు చట్టమున్నది. గ్రంథమును ప్రకటించినవాడు ముప్పది దినములలో కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయమునకును, చెన్నైలోని కన్నెమరా, ముంబయిలోని ఏషియాటిక్ సొసైటీ, ఢిల్లీలోని పబ్లిక్ లైబ్రరీ అను మూడింటికిని ఒక్కొక్క ప్రతిని తన ఖర్చుపై పంపవలెను. స్వయముగా ప్రకటించుకొన్నవాడే ఇచట ప్రచురణకర్త. నాలుగు ప్రతులు, నాలుగు తపాలా రసీదులు, అంతే. జిల్లా గ్రంథాలయమునకు నొకటి పంపుట మన సొంత మర్యాద. ఐ.ఎస్.బి.యన్. సంఖ్యను మన దేశమున రాజా రామమోహన రాయ్ పేరిటి సంస్థ యిచ్చుచున్నది. దానికి రుసుము లేదు. ఆ సంఖ్యకని వేలు అడుగు దళారులను నమ్మవలదు.

హక్కుల సంగతియు నెఱుగవలెను. రచన పుట్టినపుడే హక్కు రచయితది. రిజిస్టరు చేయింపకున్నను పోదు. 1957వ సంవత్సరపు చట్టమునుబట్టి అది రచయిత జీవితకాలమును, మరణించిన మఱుసటి సంవత్సరము మొదలు 60 ఏండ్లును నిలుచును. హక్కును ఒరులకు ఒసగుట వ్రాతమూలముననే చెల్లును; పత్రమున కాలము పేర్కొననిచో అయిదేండ్లే చెల్లును. ‘మీ వ్రాతప్రతి పంపుడు, మేము ప్రచురింతుము’ అని ప్రకటించి, మొత్తము వ్యయమును రచయిత వలననే రాబట్టు వ్యాపారములు గలవు. అచ్చుపనికి కూలి పుచ్చుకొనుట నేరము కాదు. కాని ప్రచురణకర్త యనగా తన సొమ్ము పెట్టి నష్టమునకు సిద్ధపడువాడు. తాను సొమ్ము పెట్టక, హక్కుపత్రముపై సంతకము మాత్రము కోరువానికి సంతకము చేయవలదు.

అక్షరకూర్పు విషయము చిన్నదే యైనను చెప్పక తప్పదు. పాత అక్షరరూపములలో కూర్చిన గ్రంథము కాగితముపై అందముగానే యుండును. కాని కంప్యూటరులో వెదకిన ఒక్క పదము దొరకదు. కూర్చువానిని యూనికోడు ప్రతిని గూడ అడిగి తీసికొని, రెండు చోట్ల భద్రపఱచుకొనవలెను. రేపు పది ప్రతులు కావలసినపుడు పది మాత్రమే వేయించుకొనుటకు అది పనికివచ్చును.

ఇక సంఘమువారికి మా మనవి. ప్రతి మహాసభలోను గ్రంథకర్తలకు శాలువలు కప్పుచున్నాము. ఆ సొమ్ముతో వారి గ్రంథమును అయిదారు ప్రతులు వెలయిచ్చి కొని వసతిగృహపు బీరువాలో నుంచిన గ్రంథకర్తకును పిల్లలకును మేలు. రెండవది: వ్రాతప్రతులను అచ్చునకు ముందు చదువుటకు ముగ్గురిని నియమింపవలెను. వారిలో నొకరు స్త్రీ కావలెను. ఒకరు ముప్పది యేండ్ల లోపువారు కావలెను, ఏలయన మా వయసువారు మా వయసువారి వ్రాతలను మెచ్చుకొనుట సులభము. నెలకొకసారి సంఘభవనమున నొక ప్రకరణమును బిగ్గరగా చదివి వినిపింపనిండు. విననివారు లేచిపోవచ్చును, లేచిపోయిన చోటును రచయిత గుర్తుపెట్టుకొనవచ్చును. దీనికి ఖర్చు లేదు. ఈ రెంటిని తీర్మానరూపమున కార్యదర్శిగారికి వ్రాసి యిచ్చినాము; సాయంకాలపు సభలో చర్చకు రానున్నవి. వ్రాతప్రతులు వెంట తెచ్చినవారు భోజనానంతరము భవనపు తూర్పు వసారాలో మాకు చూపవచ్చును.