డేటాబేస్‌లో పీటముడి

డేటాబేస్‌లో డెడ్‌లాక్ ఎలా పడుతుందో ఈ పూట చూద్దాం.

ఒక దుకాణానికి ఖాతాదారుల టేబుల్, ఆర్డర్ల టేబుల్ ఉన్నాయనుకోండి. ఏ ఆర్డర్ ఏ ఖాతాదారుదో చెప్పే బంధమే ఫారిన్ కీ. కొత్త ఆర్డర్ చేర్చేటప్పుడు మైఎస్‌క్యూఎల్‌లోని ఇన్నోడీబీ ఇంజిన్ ఆ ఖాతాదారు నిజంగా ఉన్నాడో లేడో చూస్తుంది. ఈలోగా ఎవరూ తీసెయ్యకుండా ఆ ఖాతాదారు వరుసకు షేర్డ్ లాక్ వేస్తుంది. ఇలాంటి లాక్ రెండు ట్రాన్సాక్షన్లు ఒకేసారి వేసుకోవచ్చు. చిక్కంతా ఆ తర్వాతే. రెండూ అదే ఖాతాదారు బాకీ మార్చబోతాయి. అందుకు ఎక్స్‌క్లూజివ్ లాక్ కావాలి. అవతలిది తన లాక్ వదిలితే గానీ అది దొరకదు. రెండూ కదలవు; ఇదే డెడ్‌లాక్. ఇన్నోడీబీ ఇది పసిగట్టి, ఒకదాన్ని రద్దుచేసి 1213 ఎర్రర్ ఇస్తుంది.

మరో డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో 2013లో వచ్చిన 9.3 వెర్షన్ నుంచి ఈ తనిఖీకి తేలికపాటి లాక్ చాలు. కీ మారనంతవరకు బాకీ మార్పుకు అది అడ్డురాదు.

ఇన్నోడీబీలో మందు ఇది: ముందు బాకీ మార్చి, తర్వాత ఆర్డర్ చేర్చండి. రెండో ట్రాన్సాక్షన్ మొదట్లోనే ఆగి తన వంతు చూస్తుంది. ట్రాన్సాక్షన్లు చిన్నవిగా ఉంచండి. అయినా 1213 వస్తే ఆ ట్రాన్సాక్షన్ మొత్తం మళ్లీ నడిపించండి.