వైర్‌లెస్ సంకేతం బలహీనపడింది ఎక్కడ? లినక్స్ లాప్‌టాప్‌తో ఒక పరీక్ష



"నెట్ సరిగ్గా రావడం లేదు" అన్న మాట రోజూ వింటుంటాం. రోగి వచ్చి "ఒంట్లో బాగాలేదు" అని చెప్పడం లాంటిదే ఇది. జబ్బు ఎక్కడుందో తెలియకుండా మందు వేస్తే ఏం లాభం? కొందరు లాప్‌టాప్‌లోని లినక్స్‌నే తీసేస్తారు. కొందరు ఎక్కువ డబ్బు కట్టి వేగమైన ప్లాన్‌కు మారతారు. అయినా ప్రవేశ పరీక్ష దరఖాస్తుకు చివరి రోజున తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి ముందు కొలవాలి, తర్వాతే మార్చాలి. ఎలా కొలవాలో ఈ పాఠంలో చూద్దాం.

తెలుగు కుటుంబాలు చాలా ఉన్న అండమాన్‌నే ఉదాహరణగా తీసుకుందాం. శ్రీ విజయపురంలోని (2024 వరకు దాని పేరు పోర్ట్ బ్లెయిర్) ఒక ఇంట్లో విద్యార్థి వెబ్ పేజీ తెరిచాడనుకోండి. సమాచారం రెండు అంచెల్లో ప్రయాణిస్తుంది. మొదటిది లాప్‌టాప్ నుంచి ఇంట్లోని రౌటర్ వరకు, గాలిలో కొన్ని మీటర్లు. రెండోది రౌటర్ నుంచి బయటి ప్రపంచానికి. తెర మీద కనిపించే వై-ఫై గీతలు మొదటి అంచె గురించి మాత్రమే చెబుతాయి. గీతలు నిండుగా ఉన్నా రెండో అంచె తెగి ఉండవచ్చు.

రెండో అంచెలో 2020లో పెద్ద మార్పు వచ్చింది. అంతకుముందు దీవులకు ఉపగ్రహాలే ఆధారం. భూస్థిర ఉపగ్రహం సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ప్రశ్న పైకెళ్లి దిగాలి, జవాబు కూడా అలాగే రావాలి. అంటే 1,44,000 కిలోమీటర్లు. కాంతి వేగంతో వెళ్లినా దాదాపు అర సెకను పడుతుంది. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి దీవులకు సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైంది. గాజు తంతువులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. చెన్నై దాదాపు 1,400 కిలోమీటర్ల దూరం కాబట్టి వెళ్లి రావడానికి 14 మిల్లీసెకన్లు చాలు. మధ్యలోని యంత్రాల వల్ల ఇది కొంత పెరుగుతుంది. కానీ అర సెకనుకు చేరితే ఏదో తేడా ఉన్నట్లే.

ఇప్పుడు పరీక్ష. ఆదేశాలను టెర్మినల్‌లో ఇంగ్లీషు చిన్న అక్షరాలతో టైపు చేయాలి. ముందు "ఐపి రూట్" అని కొట్టండి. "డిఫాల్ట్ వయా" తర్వాత ఉన్న అంకెలే రౌటర్ చిరునామా. "పింగ్" ఆదేశంతో దానికి ఇరవై సార్లు సంకేతం పంపండి. జవాబులు కొద్ది మిల్లీసెకన్లలో, ఒక్కటీ పోకుండా వస్తే మొదటి అంచె ఆరోగ్యంగా ఉంది. తర్వాత 8.8.8.8 వంటి బయటి చిరునామాకు అదే పరీక్ష చేయండి. రౌటర్ బాగా పలికి, బయటిది తడబడితే తప్పు లాప్‌టాప్‌ది కాదు.

రౌటరే తడబడిందా? అయితే "ఐ-డబ్ల్యూ" ఆదేశంతో సంకేత బలం చూడండి. అది డీబీఎంలలో, రుణ సంఖ్యగా ఉంటుంది. ప్రతి 10 తగ్గుదలకు శక్తి పదో వంతు అవుతుంది. అంటే -50తో పోలిస్తే -80 వెయ్యో వంతే! సాధారణంగా -67 కన్నా మెరుగ్గా ఉంటే వీడియో పాఠం సాఫీగా నడుస్తుంది. -75 దాటితే కష్టమే.

బలం తక్కువైతే ముందు చోటు మార్చండి. రేకుల గోడ, ఇనుప బీరువా రేడియో తరంగాలను వెనక్కి కొడతాయి. నీళ్ల ట్యాంకు వాటిని పీల్చుకుంటుంది. గోడలు అడ్డుగా ఉంటే 5 గిగాహెర్ట్జ్ కన్నా 2.4 గిగాహెర్ట్జ్ మేలు. బలం బాగానే ఉండి వేగం లేకపోతే పొరుగు రౌటర్ల రద్దీ కారణం కావచ్చు. 2.4లో 1, 6, 11 ఛానెళ్లు ఒకదానిపై ఒకటి పడవు, వాటిలో ఖాళీగా ఉన్నదాన్ని ఎంచుకోండి.

రౌటర్ పక్కనే కూర్చున్నా జవాబులు ఆగి ఆగి వస్తుంటే లాప్‌టాప్‌లోకి చూడాలి. బ్యాటరీ ఆదా కోసం లినక్స్ వై-ఫై కార్డును మధ్యమధ్యలో నిద్రపుచ్చుతుంది. "పవర్ సేవ్"ను ఆపి మళ్లీ కొలవండి. కెర్నెల్ సందేశాల్లో "ఫర్మ్‌వేర్" దొరకలేదని ఉంటే, ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో కలిపి ఆ నెట్‌తో దాన్ని ఎక్కించుకోండి.

ఒక నియమం గుర్తుంచుకోండి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి, ముందూ వెనుకా కొలతలు రాసుకోవాలి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ఈ వారం మీ ఇంట్లో మూడు చోట్ల కూర్చుని సంకేత బలం, రౌటర్ పింగ్, బయటి పింగ్ నోటుపుస్తకంలో పట్టికగా రాయండి. తప్పు ఇంట్లో ఉంటే పైసా ఖర్చు లేకుండా సరిచేసుకోగలుగుతారు. బయట ఉంటే ఆ పట్టికతోనే నెట్ ఇచ్చే సంస్థకు ఫిర్యాదు చేయండి. "రావడం లేదు" అంటే వాళ్లు రౌటర్ ఆపి మళ్లీ పెట్టమంటారు. తేదీ, సమయం వేసి "రౌటర్ వరకు 3 మిల్లీసెకన్లు, ఆ తర్వాత ఇరవైలో ఎనిమిది పోయాయి" అని రాస్తే ఎక్కడ వెతకాలో వాళ్లకూ తెలుస్తుంది.