1938 నాటి రైతు ఋణ విమోచన శాసనము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



అప్పు అన్న మాట విననివారు గ్రామమున నుండరు. అయితే ఒక దొరతనము చట్టముచేసి అప్పులనే కోసివేసిన దినము ఈ దేశమున నొకప్పుడు వచ్చినదని యెరిగినవారు ఇప్పుడు కొలదిమంది. ఆనాటి సంగతి చెప్పుటకు ముందు, ఆ దినము రావలసినంతటి ఆపద యేమో చెప్పవలెను.

1929వ సంవత్సరాంతమున అమెరికాలో న్యూయార్కు నగరపు వాటాల బజారు కూలినది. బ్యాంకులు మూతపడినవి, సరుకు కొనువారు లేకపోయిరి. సముద్రముల కావలి యీ ప్రళయము గోదావరి కాలువ గట్టుమీది వడ్ల పురికి తగులుటకు ఏడాదియైన పట్టలేదు. నాలుగైదేండ్లలో వడ్ల ధర సుమారు సగమునకు దిగిపోయెను. వేరుసెనగ, ప్రత్తి గతియు నట్లే యయ్యెను. పంట పండకపోవుట కరవు. పంట పండియు కొనువాడు లేకపోవుట మరియొక విధమైన కరవు. మొదటిదానికి గంజికేంద్రములు తెరువవచ్చును, రెండవదానికి ఏమి తెరువవలెనో అప్పటివారికి తోచలేదు.

ఇక్కడ లెక్క నొకదానిని గమనింపవలెను. ధాన్యపు ధర తగ్గినను శిస్తు తగ్గలేదు. రైత్వారీ శిస్తు రూపాయలలో నిర్ణయమైనది, గింజలలో కాదు. నూరు రూపాయల శిస్తునకు మునుపు పది పుట్లు అమ్మినవాడు ఇప్పుడు ఇరువది పుట్లు అమ్మవలెను. ఇదిగాక కృష్ణా గోదావరి మండలములలో రీసెటిల్‌మెంటు పేర శిస్తును రూపాయికి మూడణాల వంతున, అనగా నూటికి 18¾ చొప్పున, పెంచవలెనని ఆ కాలముననే తలపెట్టిరి. ఆచార్య రంగాగారు మొదలైనవారు రైతు సంఘములు కూర్చి దాని నెదిరించిరి. రూపాయి విలువను షిల్లింగు ఆరు పెన్సుల వద్ద కట్టివేసి యుంచుటయు ధరలను మరింత నొక్కినదని చాలమంది పండితుల యభిప్రాయము. 1931 సెప్టెంబరులో ఇంగ్లండు బంగారపు కట్టును విడిచిన పిదప బంగారము ధర పెరుగగా, ఇండ్లలోని కాసులపేరులు, కంటెలు కరగి ఓడలెక్కి పోయినవి. దానిని వర్తకమని పుస్తకములలో వ్రాసిరి.

శిస్తు వలెనే అప్పును రూపాయలలోనిదే. 1930లో మద్రాసు రాజధాని బ్యాంకింగు విచారణ సంఘము రైతుల ఋణము సుమారు 150 కోట్లని లెక్క కట్టెను. 1935లో సత్యనాథన్‌గారి నివేదిక దానిని సుమారు 200 కోట్లుగా చూపెను. క్రొత్తగా తెచ్చుకొన్న సొమ్ముకంటె పాత సొమ్ముపై పేరిన వడ్డీయే భారమైనది. అది పేరుకొను విధమేమి? ప్రామిసరీ నోటునకు మూడేండ్లు గడువు. గడువు దాటకముందే ఋణదాత నోటు తిరగవ్రాయించుకొనును. ఆనాటి వరకు నిలిచిన వడ్డీ అసలులో కలిసిపోవును. నూటికి పండ్రెండు వడ్డీతో నూరు రూపాయలు తెచ్చినవాడు మూడేండ్లకు 136కు నోటు వ్రాయును, ఆరేండ్లకు 184 రూపాయల 15 అణాలకు వ్రాయును, తొమ్మిదేండ్లు నిండునప్పటికి 251 రూపాయలు దాటును. ఋణదాత దుర్మార్గుడు కానక్కరలేదు, నోటే ఆ పని చేయును.

ఇట్టి వృద్ధికి పూర్వులు హద్దు పెట్టియుండిరి. వడ్డీ అసలును మించరాదని మనువు చెప్పెను. దీనినే న్యాయస్థానములలో దాందుపట్టు అందురు. కౌటిల్యుడు నెలకు నూటికి ఒకటింబావు పణము ధర్మమైన వడ్డీయనెను. అడవిదారి వర్తకులకును సముద్ర వర్తకులకును హెచ్చు వడ్డీల నంగీకరించెను గాని, అవి సొమ్ము మునుగు భయమునకు వెల. దున్నుకొనువాని పొలము ఎక్కడికిని మునిగిపోదు. 1855లో ఆంగ్ల ప్రభుత్వమువారు వడ్డీ పరిమితి శాసనములను రద్దుచేసి, ఒప్పుకొన్న వడ్డీయే వడ్డీ యనిరి. ఆకలిగొన్నవాడు దేనికి ఒప్పుకొనడు?

1936లో ఋణ రాజీ శాసనమొకటి వచ్చినది. బోర్డులు కూర్చుండి ఇరుపక్షములను పిలుచును. ఋణదాతలు ఒడంబడిననే రాజీ. కావున దాని ఫలము స్వల్పము. 1937 జులైలో చక్రవర్తి రాజగోపాలాచారిగారు ప్రధానులుగా, ఆంధ్రకేసరి ప్రకాశము పంతులుగారు రెవిన్యూ మంత్రిగా కాంగ్రెసు మంత్రివర్గ మేర్పడెను. తొమ్మిది నెలలు తిరుగక మునుపే, 1938 మార్చి 22వ తేదీన, మద్రాసు వ్యవసాయదారుల ఉపశమన శాసనము, అనగా ఆ యేటి నాలుగవ చట్టము, అమలునకు వచ్చెను.

దాని పట్టు ఇట్టిది. 1932 అక్టోబరు 1వ తేదీకి ముందు చేసిన అప్పుపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచియున్న వడ్డీ యంతయు రద్దు. అసలు మాత్రమే చెల్లింపవలెను. అసలుగాను వడ్డీగాను కలిపి అసలునకు రెట్టింపు ముట్టజెప్పినవాని అప్పు సమూలముగా తీరినట్లే. రెట్టింపు నిండనిచో, ఆ కొరతయు నిలిచిన అసలును పోల్చి, రెంటిలో ఏది తక్కువయో అదియే ఇయ్యవలెను. ఒకడు 1922 అక్టోబరులో నూటికి పండ్రెండు చొప్పున 400 రూపాయలు తెచ్చెననుకొనుడు. పదునైదేండ్ల వడ్డీ 720. అందులో 650 చెల్లించెను. పాత లెక్కకు అతడింకను 470 ఇయ్యవలెను. చట్టము ప్రకారము 800లో 650 పోగా 150 ఇచ్చి నోటు చించుకొనవచ్చును. 1926లో అంతే సొమ్ము తెచ్చి పదునొకండేండ్లలో 300 మాత్రమే కట్టినవాడు, 628కి బదులు 400 కట్టవలెను. తిరగవ్రాసిన నోటైనచో మొట్టమొదట చేతికిచ్చిన సొమ్మే అసలు. పైన చెప్పిన 251 రూపాయల నోటు ఒక్క వాక్యముతో మరల నూరయినది!

1932 అక్టోబరు తరువాతి అప్పులకు నూటికి అయిదు సాధువడ్డీ. చట్టము వచ్చిన పిదప చేయు అప్పులకు నూటికి 6¼, అనగా రూపాయికి నెలకొక దమ్మిడీ. మరియొక ఆస్తి లేని స్త్రీకి రావలసిన అప్పు, అసలు మూడువేలకు మించనిచో, చట్టమునకు లోబడదు. ఊరిలో వడ్డీలపై బ్రదుకు వితంతువులను శాసనకర్తలు మరువలేదు. ఇది మెచ్చదగిన వివేకము. సర్కారు బాకీలను, సహకార సంఘముల బాకీలను మినహాయించిరి. తన బాకీని తాను వదలుకొనక పరుల బాకీని వదలింపజూచినదని ప్రభుత్వమును ఋణదాతలు ఎత్తిపొడిచిరి. ఆ మాటకు బదులు చెప్పుట కష్టమే.

ఒప్పందమును చట్టము త్రుంచవచ్చునా యను ప్రశ్న న్యాయస్థానములకు ఎక్కెను. 1940లో ఫెడరలు కోర్టువారు, ఒక న్యాయమూర్తి భిన్నాభిప్రాయము వ్రాసినను, శాసనము చెల్లునని తీర్పు చెప్పిరి. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రము తాకట్టు వేలములకు గడువు పొడిగించిన చట్టమును అచ్చటి ఉన్నత న్యాయస్థానము 1934లోనే నిలిపియుండెను. ధనిక దేశము తప్పుకానిదానిని పేద దేశము చేసినందుకు నిందింప నేల?

అయినను లోపములు పెక్కులు. చెల్లు వ్రాయించుకొనక చేతికిచ్చిన సొమ్మును రుజువు చేయలేక నష్టపడినవారు కలరు. తిరగవ్రాసిన నోటు అదే ఋణదాత పేర నున్ననే మూలపు అసలు చూచుటకు వీలు. బావమరది పేరనో కుమారుని పేరనో వ్రాయించినచో చిక్కు. ఈ కంతను 1948 సవరణలో పూడ్చిరి. అప్పు పుట్టుట కష్టమైనది. ఇచ్చువారు నోటు మాని షరతు క్రయపత్రము లడుగజొచ్చిరి. పాత గోడ కూల్చినవారు క్రొత్త గోడ కట్టుట తోడనే చేయవలసియుండెను. 1929లో పుట్టిన కేంద్ర భూమి తనఖా బ్యాంకు ఉన్నది గాని, దాని చేయి పట్టా గల రైతు వద్దనే ఆగెను.

అన్నిటికంటె పెద్ద లోపము నిర్వచనమున నున్నది. వ్యవసాయదారు డనగా భూమిపై హక్కో కౌలో కలవాడు. ఆ భూమిలో నాగలి పట్టి, కోత కోసి, పెండ్లికో చావుకో పది రూపాయలు తెచ్చి ఏండ్ల తరబడి పాలేరుగా ఆ బాకీ తీర్చువాడు ఈ మాటలో ఇముడలేదు. మగ్గము మీది సాలెవాడును, సెంటు నేల లేని కుమ్మరియు వెలుపలనే యుండిరి. నిజాము రాజ్యములోని తెలంగాణమునకు ఈ చట్టముతో సంబంధమే లేదు.

తరువాత యుద్ధము వచ్చి ధరలు పెరిగినవి. 1945–46లో డాక్టరు బి.వి. నారాయణస్వామి నాయుడుగారు రాజధాని యంతట విచారణ జరిపి చూడగా, విస్తారముగా భూమి గలవారి ఋణము తగ్గినది, కౌలుదారుల యొక్కయు కూలీల యొక్కయు ఋణము పెరిగినది.