పెరటిలో డీజిల్ ఇంజను
(రైల్వే, తపాలా ఉద్యోగుల సంఘ విద్యా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం నుండి సేవానిబంధనలను గురించి, పింఛనులను గురించి విన్నారు. సాయంకాలం నాకు అప్పగించిన విషయం పాత డీజిల్ కారు ఇంజనును ఇంటివద్ద విప్పి తిరిగి నిలబెట్టడం. భోజనాల వేళ ఒక మిత్రుడు, "దీనికీ సంఘానికీ సంబంధమేమిటండీ?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. జవాబు కోసం కొంచెం వెనుకకు వెళ్లవలసి ఉన్నది.

1974 మే 8న రైల్వే సమ్మె మొదలై మే 27న విరమింపబడిన నాటికి నాకు అయిదేండ్లు. మా రైల్వే కాలనీలో ఉద్యోగం పోయిన వారిలో డీజిల్ ఫిట్టరు ఒకాయన ఉండేవారు. వీధిలో పిల్లలందరికీ ఆయన ఫిట్టరు బాబాయి. ఆ సంవత్సరాలలో ఆయన ఇల్లు గడిచింది పెరటిలోని వేపచెట్టు కింద. చుట్టుపక్కల రైతులు బావుల మీది ఆయిలింజన్లను ఎడ్లబండ్లపై వేసుకొని వచ్చేవారు. ఆయన విప్పి, కడిగి, రింగులు మార్చి ఇచ్చేవారు. కొందరు రొక్కం ఇచ్చేవారు, కొందరు జొన్నలు కొలిచేవారు. 1977లో ప్రభుత్వం మారిన పిమ్మట తిరిగి ఉద్యోగంలోకి తీసుకున్నారు. ఆ మూడేండ్లూ ఆయన పిల్లలు పస్తు పడుకోలేదంటే సంఘం పోగుచేసిన చందాలు కొంత కారణం, ఆయన చేతిలోని విద్య మిగిలిన కారణం. ఉద్యోగం నుండి తీసివేసినవారు ఆ విద్యను తీసివేయలేకపోయారు. భోజనాల వేళ అడిగిన మిత్రునికి నా జవాబు ఇదే.

ఇక అసలు విషయానికి వస్తాను. నేను చెప్పబోయే ఇంజను డీజిల్ అంబాసిడరుది. 1980 ప్రాంతంలో మన దేశంలో మొదటి డీజిల్ కారుగా వచ్చింది. నాలుగు సిలిండర్లు, 1489 సి.సి. ఘనపరిమాణం, 37 అశ్వశక్తి. నేటి యువకులు నవ్వుకుంటారేమో గాని ఆ 37 అశ్వశక్తితోనే పెళ్లివారిని, రోగులను, సంఘ నాయకులను తొమ్మిదేసి మందిని మోసింది. ఉత్తరపారా కర్మాగారంలో ఉత్పత్తి 2014 మేలో ఆగిపోయింది.

తపాలాశాఖ మెయిల్ మోటారు సర్వీసులో మెకానిక్కుగా పదవీ విరమణ చేసిన మిత్రుడొకరు 1998లో అటువంటి కారును కొన్నారు. చలికాలం ఉదయం తోసినా కదిలేది కాదు. కదిలితే వెనుక వీధి అంతా నీలిపొగ. ఫిట్టరు బాబాయి కూడా అప్పటికి పదవీ విరమణ చేశారు. ఇద్దరూ కలసి దానిని ఆ వేపచెట్టు కిందనే విప్పుదామని నిశ్చయించారు. చేయి అందించడానికి నన్ను పిలిచారు.

డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు లేదన్నది షెడ్డులో పనిచేసేవారికి చెప్పనక్కరలేదు. తపాలా సోదరుల కొరకు చెబుతున్నాను. గాలిని విపరీతంగా నొక్కితే పుట్టే వేడికే నూనె అంటుకుంటుంది. ఈ ఇంజనులో గాలి ఇరవైమూడవ వంతుకు కుదించుకుపోతుంది. పెట్రోలు అంబాసిడరులో అది ఏడెనిమిదవ వంతు మాత్రమే. కనుక పిస్టను పక్కనుండి కొంచెం గాలి జారిపోయినా పెట్రోలు బండి సర్దుకొని నడుస్తుంది, డీజిలు బండి మొండికేస్తుంది. తెల్లపొగ వస్తే నూనె కాలకుండా పోతున్నదని, నల్లపొగ వస్తే నూనె ఎక్కువైనదనో గాలి చాలలేదనో, నీలిపొగ వస్తే అడుగు చెంబరులోని ఇంజనాయిలే కాలుతున్నదని సాధారణంగా అర్థం చేసుకోవచ్చు.

బాబాయి మొదటి రోజు పానా పట్టనివ్వలేదు. ఒక నోటుపుస్తకం తెమ్మన్నారు. షెడ్డులో ప్రతి లోకోకూ చరిత్ర వ్రాసి ఉంచుతారు. ఇంటివద్ద ఇంజనుకూ అటువంటిదే ఉండవలెనన్నది ఆయన పట్టుదల. ఏ బోల్టు ఎక్కడిదో, ఏ గొట్టం దేనికి పోతుందో బొమ్మలు గీయించారు. కనెక్టింగు రాడ్డు మూతలు ఒకదానివి మరొకదానికి వేయరాదు. అవి జంటగా మరపట్టినవి. ట్యాపెట్లు ఏ వరుసలో తీసినామో ఆ వరుసలోనే అట్టముక్కకు చిల్లులు పెట్టి గుచ్చి ఉంచవలెను. రెండు ధాన్యం బస్తాలకు మించిన బరువు గనుక చైను పుల్లీని వేపకొమ్మకు కాక, నిలబెట్టిన ఇనుప దూలానికి కట్టించారు. కొమ్మకు కడదామన్నవాణ్ణి నేనే.

తరువాత కొలతలు. సిలిండరు అంతటా సమానంగా అరగదు. మొదటి రింగు పైకి వచ్చి మళ్లే చోట అరుగుదల అత్యధికం. అక్కడ గోరు పెట్టి చూస్తే గట్టులా తగులుతుంది. అందుచేత పైన, నడుమ, దిగువన మూడు చోట్ల, ప్రతిచోటా అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలిచినాము. నాలుగు సిలిండర్లకు 24 కొలతలు. నోటుపుస్తకంలో ఆ పుట ఇప్పటికీ నా దగ్గర ఉన్నది. థౌ అంటే అంగుళంలో వెయ్యవ వంతు. గోరుకు తగిలే ఆ గట్టు కొద్ది థౌలే, కాని అదే ఆ బండిని చలిలో చంపేది. బోరు చేయించడం, క్రాంకు గ్రైండింగు లేతు షాపులో జరగవలసిన పనులు. ఇంటివద్ద అయ్యేవి కావు. ఏది ఇంటి పని, ఏది కాదు అని తెలియడమే సగం విద్య.

ఇంజెక్షను పంపును బాబాయి ముట్టనివ్వలేదు. దానిలో ప్లంజరుకూ గదికీ నడుమ సందు మైక్రానులలో ఉంటుంది. పెరటి ధూళిలో దానిని విప్పడం మూర్ఖత్వం. టైమింగు గుర్తు గీసి విప్పి, గొట్టాల నోళ్లకు బిరడాలు బిగించి, పంపు పరీక్షాయంత్రం ఉన్న చోటికి పంపినాము.

ఇప్పుడు నా తప్పు సంగతి చెప్పవలసి ఉన్నది. క్రాంకు గ్రైండింగు నుండి తిరిగి వచ్చింది. లోపల ఇంజనాయిలు పారే సన్నని రంధ్రాలు ఉంటాయి. వాటిలో గ్రైండింగు పొడి చేరి ఉంటుంది. కిరసనాయిలుతో, సన్నని బ్రష్షుతో ఒక్కొక్క రంధ్రాన్నీ రెండు వైపుల నుండి కడగమని బాబాయి నాకు పురమాయించి సంతకు వెళ్లారు. ఆనాడు నాకు బ్రాంచి సమావేశం ఉన్నది. పైపైన గుడ్డతో తుడిచి, కడిగినానని చెప్పినాను. ఆయన నా మాట నమ్మి బిగించారు.

ఇంజను మొదటి తిప్పుకే అందుకున్నది. వీధి అంతా చప్పట్లు. నలభై కిలోమీటర్లు పోకముందే నూనె పీడనపు ముల్లు పడిపోయింది. లోపల సుత్తితో కొట్టిన చప్పుడు. తిరిగి విప్పితే బేరింగు షెల్లులన్నీ గీతలు పడి, రాగిరంగు తేలి ఉన్నాయి. బాబాయి ఒక షెల్లును వెలుతురుకు పట్టి చాలాసేపు చూశారు. "కడిగినావా నాయనా?" అన్నారు. లేదన్నాను. ఆయన కోప్పడలేదు. "షెడ్డులో అయితే ఈ తప్పు కింద పదహారు సిలిండర్లు, వెనుక వెయ్యి మంది ప్రయాణికులు ఉంటారు" అన్నారు. నోటుపుస్తకం తెరిచి ఆ విషయం నాచేతనే వ్రాయించారు. క్రాంకు మళ్లీ గ్రైండింగుకు వెళ్లింది. ఆ ఖర్చు నా జీతం నుండి ఇచ్చుకున్నాను. తపాలా మిత్రుడు వద్దన్నా ఇచ్చుకున్నాను.

సంఘ కార్యకర్తగా నాకు మరొక బాధ్యత ఉన్నది, అది ఆరోగ్యం సంగతి. నాజిల్ పరీక్షించేటప్పుడు దాని ఎదుట చేయి పెట్టకండి. వాతావరణ పీడనానికి నూరు రెట్లు మించిన ఒత్తిడితో వచ్చే తుంపర చర్మాన్ని చీల్చుకొని రక్తంలోకి పోతుంది. గాయం సూదిమొనంత కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోవలెను. పాత గ్యాస్కెట్లలో, పాత బ్రేకు లైనింగులలో ఆస్‌బెస్టాసు ఉండవచ్చు. గాలితో ఊదకుండా తడిపి తీయవలెను. వాడిన ఇంజనాయిలు చర్మానికి కాన్సరు కారకం. డీజిల్ పొగ కాన్సరు కలిగిస్తుందని అంతర్జాతీయ కాన్సరు పరిశోధనా సంస్థ 2012లో నిర్ధారించింది. పదుల ఏండ్లు ఆ పొగలో పనిచేసిన మన సభ్యుల వైద్యపరీక్షల విషయమై ఈ సంగతి ప్రతి వినతిపత్రంలోనూ వ్రాయవలెను. మరొక మాట: రింగులు బాగా అరిగిన డీజిల్ ఇంజను ఒక్కొక్కప్పుడు తన అడుగు ఆయిలునే తాగి, నూనె కట్టివేసినా ఆగకుండా వేగం పెంచుకుంటూ పోతుంది. అప్పుడు గాలి లోనికిపోయే ద్వారాన్ని మూయడమొక్కటే దారి. చేతితో కాదు, చెక్కపలకతో. ఆ పలకను ముందే సిద్ధంగా ఉంచుకోవలెను.

నిబంధనల సంగతి కూడా అడుగుతారు. స్వంత కారును స్వంత పెరటిలో బాగుచేసుకోవడం వ్యాపారం కాదు. కాని ఉద్యోగంలో ఉండగా ఇతరుల ఇంజన్లను డబ్బు పుచ్చుకొని చేస్తే రైల్వే సేవా ప్రవర్తనా నిబంధనలు (1966) లోని 15వ నిబంధన, తపాలావారికి 1964 నాటి కేంద్ర పౌరసేవల ప్రవర్తనా నిబంధనలలోని 15వ నిబంధన అడ్డువస్తాయి. ముందుగా అనుమతి ఉండవలెను. అనుమతి లేకుండా చేసి, ఎవరో వ్రాసిన ఆకాశరామన్న ఉత్తరంతో ఛార్జిషీటు తెచ్చుకున్న సభ్యుని పక్షాన నేను విచారణలో కూర్చున్నాను. వాదించడానికి పెద్దగా ఏమీ మిగలలేదు. బ్లాకు మార్చితే ఇంజను నంబరు మారుతుంది గనుక రిజిస్ట్రేషను పత్రంలో వ్రాయించుకోవలెను. కారు రిజిస్ట్రేషను 15 ఏండ్లకే ముగుస్తుంది. తరువాత అయిదేసి ఏండ్లకు పునరుద్ధరించుకోవలసి ఉంటుంది.

చివరగా షెడ్ల విషయం. వారణాసి డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ నుండి మొదటి లోకో 1964 జనవరిలో బయటికి వచ్చింది. 2020లో ఆ సంస్థ పేరులో నుండి డీజిల్ అనే మాటే పోయింది. బ్రాడ్‌గేజి మార్గాలు దాదాపు అన్నీ విద్యుదీకరణ అయినాయి. కాజీపేట, గుత్తి, మౌలాలి డీజిల్ షెడ్లలోనికే విద్యుత్ ఇంజన్లు వచ్చి చేరాయి. దీనిని నేను వ్యతిరేకించడం లేదు. ఆ పొగ పీల్చినవారెవరూ వ్యతిరేకించరు. కాని ముప్పై ఏండ్లు థౌలలో కొలిచిన చేతిని మిగులు సిబ్బంది అని ఒక కాగితం మీద వ్రాయడాన్ని మాత్రం ఒప్పుకోను. కొలత, బిగింపు, శుభ్రత, చప్పుడు విని లోపం పట్టడం విద్యుత్ ఇంజనుకు కూడా కావలసినవే. పునర్నియామకంలో ఈ నైపుణ్యాన్ని గ్రేడులో లెక్కకట్టవలెనని రేపటి తీర్మానంలో ఒక వాక్యం చేర్చమని కోరుతున్నాను. దానితోపాటు, పదవీ విరమణ చేసిన ప్రతి ఫిట్టరు, ప్రతి మోటారు సర్వీసు మెకానిక్కు వద్ద ఒక యువసభ్యుడు కూర్చొని నోటుపుస్తకం వ్రాసుకోవలెను. బాబాయి 2011లో పోయారు. నాకు వచ్చింది ఆయనకు వచ్చినదానిలో పదవ వంతు కూడా లేదు.

ఆ అంబాసిడరు రెండవసారి బిగించిన తరువాత పదకొండేండ్లు నడిచింది. చెడిపోయిన ఆ మొదటి షెల్లులు ఎనిమిదీ ఈ బల్లమీద ఉన్నాయి. పక్కన మంచి షెల్లు ఒకటి, మైక్రోమీటరు ఒకటి పెట్టాను. టీ తాగిన చేతులు తుడుచుకొని వచ్చి ఎవరైనా కొలిచి చూడవచ్చు. మైక్రోమీటరును మాత్రం కింద పడవేయకండి, అది బాబాయిది.