జోడు సిలిండర్లతో నీటి అడుగుకు

2008 జూన్ 29న బలిమెల జలాశయంలో పోలీసు బలగాల లాంచీపై మావోయిస్టులు జరిపిన దాడిని మన సరిహద్దు ప్రాంతంలో మరిచిపోయినవారు తక్కువ. 38 మంది ప్రాణాలు పోయాయి. నీటిలో గల్లంతైనవారి కోసం విశాఖపట్నం నుంచి నౌకాదళ గజ ఈతగాళ్లు రావలసి వచ్చింది. 1999 మహా తుపాను తర్వాత ఒడిశా ప్రభుత్వం ఓడ్రాఫ్ అనే విపత్తు దళాన్ని నెలకొల్పింది. దాని విభాగం ఒకటి కొరాపుట్‌లోనే ఉంది. ఇలాంటి పనిలో చేరాలనుకునే యువకులు మీ ఇళ్లలోనూ ఉండవచ్చు. ఈనాటి ముచ్చట ముఖ్యంగా వారి కోసం.

కొలాబ్, జలాపుట్, బలిమెల – ఇవి ఊళ్లనూ అడవినీ ముంచి నిలిచిన నీళ్లు. అడుగున మొద్దులు, తెగిన వలలు, మెత్తటి బురద. కాలు ఒక్కసారి గట్టిగా ఆడిస్తే లైటు ఉన్నా మీ చెయ్యి మీకే కనబడదు. అందుకే పరికరం ఎంత ఖరీదైనదని కాదు, కళ్లు పనిచేయని చోట చేతికి అందుతుందా అని చూడాలి.

రెగ్యులేటర్ అంటే ఏమిటి? వంటింట్లో గ్యాసు సిలిండరు మీద బిగించేది మీకు తెలుసు. ఇదీ దానికి దూరపు చుట్టమే. 1943లో ఫ్రాన్సులో కూస్తో, గన్యాఁ అనేవారు దీనిని రూపొందించారు. యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క గ్యాసుతో నడిపిన కార్ల కోసం గన్యాఁ చేసిన పరికరమే దీనికి ఆధారం. సిలిండరులో గాలి 200 బార్ల ఒత్తిడిలో ఉంటుంది. సిలిండరు మీది మొదటి దశ దానిని చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కంటే సుమారు 10 బార్లు ఎక్కువకు దించుతుంది. నోటి దగ్గరి రెండో దశ మీరు పీల్చినప్పుడు మాత్రమే గాలి వదులుతుంది.

12 లీటర్ల సిలిండర్లు రెండు నింపితే 4,800 లీటర్ల గాలి. నిమిషానికి 20 లీటర్లు పీల్చేవాడికి ఒడ్డున అది నాలుగు గంటలు వస్తుంది. 20 మీటర్ల లోతున మూడింతలు ఖర్చయి 80 నిమిషాలకే అయిపోతుంది. అందులో తిరిగి రావడానికీ, తోటివాడికీ వాటా తీసి ఉంచాలి.

కొనేటప్పుడు మొదటి దశలు రెండూ ఒకే రకానివి తీసుకోండి, విడిభాగాలు కలుస్తాయి. బ్యాలెన్స్‌డ్ రకమైతే సిలిండరులో గాలి తగ్గినా ఊపిరి బరువెక్కదు. బురద నీటికి డయాఫ్రమ్ ఉండి, స్ప్రింగు గది మూసి ఉన్నది మేలు. బిగింపులో యోక్ కంటే డిన్ నయం. మరతో లోపలికి దిగుతుంది కాబట్టి కొమ్మ తగిలినా అంత సులువుగా కదలదు.

ఇక గొట్టాలు. ఫ్లోరిడాలోని నీటి గుహల్లో ఈదేవారు చాలామంది ప్రాణాలు పోయాక నేర్చుకున్న పద్ధతి ఇది. కుడి వాల్వు నుంచి రెండు మీటర్ల పొడవు గొట్టం. అది వీపు వెనక నుంచి కుడి నడుము దగ్గరకు దిగి, ఛాతీకి అడ్డంగా ఎడమ భుజం మీదికెక్కి, మెడ వెనకగా తిరిగి నోటికి వస్తుంది. ఎడమ వాల్వు నుంచి పొట్టి గొట్టం. దాని చివరి రెండో రెగ్యులేటరు రబ్బరు తాడుతో గడ్డం కిందే వేలాడుతుంది. తేలింపు సంచికి గాలినిచ్చే గొట్టం కుడివైపు, ఒత్తిడి మీటరు ఎడమవైపు.

తోటివాడికి గాలి అయిపోతే మీ నోట్లోదే ఇవ్వాలి. అది పనిచేస్తున్నదని మీకు తెలుసు. భయపడ్డవాడు లాక్కునేదీ అదే. మీరు తల వంచి గడ్డం కిందది అందుకుంటారు. పొడవు గొట్టం ఉంటే ఇద్దరూ ఒకరి వెనక ఒకరు ఇరుకులోంచి బయటపడగలరు.

మరి పొడవుది కుడివైపే ఎందుకు? ముందుకు ఈదుతున్నప్పుడు పైన కొమ్మ రాసుకుంటే ఎడమ వాల్వు పిడి మూసుకునే వైపు తిరుగుతుంది, కుడిది తెరుచుకునే వైపు. సాయం చేసే గొట్టం మూతపడని వైపు ఉండాలి గదా! కొమ్మ తగిలిందనిపిస్తే వెంటనే చేయి వెనక్కి పెట్టి ఎడమ పిడి తడిమి చూసుకోండి.

రెండు సిలిండర్లను కలిపే గొట్టం మధ్యలో మరో వాల్వు ఉంటుంది. ఒకవైపు రెగ్యులేటరు నుంచి గాలి బుసకొడితే ఆ వైపు వాల్వు మూస్తే చాలు. రెండు సిలిండర్ల గాలీ రెండోవైపు నుంచి వస్తుంది. ఎక్కడ కారుతున్నదో తెలియనప్పుడు మాత్రం మధ్యది మూస్తే సగమైనా మిగులుతుంది.

ఒక్క మాట. ఆనకట్ట తూము తెరిచి ఉండగా దాని దగ్గరకు వెళ్లినవాణ్ణి ఈ అమరిక ఏదీ కాపాడదు. ఆ లాగుడు మనిషిని వదలదు. తూములు మూసి, తాళం వేసి, ఆ తాళంచెవి ఒడ్డున బాధ్యతగల మనిషి చేతిలో ఉన్నాకే దిగాలి.

అర్హత ఉన్న శిక్షకుడి దగ్గర నేర్చుకున్నాక మూడు వాల్వులనూ కళ్లకు గుడ్డ కట్టుకుని, ముందు ఒడ్డున, తర్వాత నడుము లోతు నీటిలో మూసి తెరవడం సాధన చేయండి. భుజాలు మొదట్లో నొప్పి పెడతాయి. వాల్వు అందకపోతే పట్టీలు వదులు చేసి సిలిండర్లను కాస్త పైకి జరిపి కట్టుకోండి.